రిథమిక్ జిమ్నాస్టిక్స్: 1984 ఒలింపిక్స్‌లో కెనడా అమ్మాయి ఎలా గెలిచింది? ఇంట్లో పందెం నడుస్తోంది, తెలిసినవాళ్ళు చెప్పండి

బోడుప్పల్_రమ:

అందరికీ నమస్తే. అడగాల్సింది ఇక్కడో కాదో తెలీదు, స్పోర్ట్స్ సెక్షన్ కాబట్టి పెడుతున్నా. మా పాపకి తొమ్మిదేళ్ళు, పారిస్ ఒలింపిక్స్ అప్పట్నుంచి ఆ రిబ్బన్ జిమ్నాస్టిక్స్ వీడియోల పిచ్చి పట్టుకుంది, నా పాత చున్నీ ఒకటి చీపురుపుల్లకి కట్టి హాల్లో తిప్పుతూనే ఉంటుంది, ఫ్యాన్‌కి చుట్టుకుని ఒకసారి పెద్ద గొడవే అయింది. సరే అది పక్కన పెట్టండి. మొన్న ఆదివారం మా మరిది వచ్చాడు, ఆ వీడియోలు చూసి "ఇందులో రష్యా వాళ్ళు తప్ప ఇంకెవరూ గోల్డ్ కొట్టలేదు వదినా, వాళ్ళ సొంత ఆట ఇది" అన్నాడు. నేను కాదన్నా. ఫోన్‌లో లిస్ట్ తీస్తే మొట్టమొదటి గోల్డే కెనడా! 1984 లాస్ ఏంజెలెస్, లోరీ ఫంగ్. ఐస్‌క్రీమ్ పందెం కాబట్టి వెంటనే స్క్రీన్‌షాట్ పెట్టా. వాడు మాత్రం "అది లెక్కలోకి రాదు" అంటాడు, ఎందుకు రాదో మాత్రం చెప్పడు.

నా డౌట్లు ఏంటంటే, అసలు ఈ పోటీలు ఎప్పుడు మొదలయ్యాయి, 1984లో కెనడా గెలిచింది నిజంగా గెలిచినట్టేనా, మధ్యలో అంతా రష్యానేనా? ఇంకొకటి, పాత వాటిలో స్కోర్లు 57, 60 ఉన్నాయి, పారిస్‌లో 142 ఉంది, ఇదేం లెక్క? ఓపికున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతపేపర్_మూర్తి:

రమ గారూ, మీ మరిది చెప్పింది సగం నిజం, మీరు చెప్పింది సగం నిజం, ఐస్‌క్రీమ్ చెరి సగం పంచుకోండి.

1984 సంగతి ముందు. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ని సోవియట్ యూనియన్, బల్గేరియా, తూర్పు జర్మనీ వగైరా బాయ్‌కాట్ చేశాయి, నాలుగేళ్ళ ముందు మాస్కో ఒలింపిక్స్‌కి అమెరికా రాలేదుగా, దానికి ఇది బదులన్నమాట. రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఒలింపిక్స్‌లోకి రావడం అదే మొదటిసారి, అప్పటికి ఆ ఆటలో మొనగాళ్ళు ఎవరంటే బల్గేరియా, సోవియట్, వాళ్ళ తర్వాతే ఎవరైనా. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకే రాలేదన్నట్టు అయింది. రొమేనియా ఒక్కటే ఆ కూటమిలోంచి మాట వినకుండా వచ్చింది, అందుకే డోయినా స్టైకులెస్కుకి సిల్వర్ వచ్చింది. లోరీ ఫంగ్ 57.950, డోయినా 57.900, పశ్చిమ జర్మనీ రెజినా వెబర్ 57.700. చూశారా, గోల్డ్‌కీ సిల్వర్‌కీ తేడా 0.05. అంతకుముందు ఏడాది, 1983 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఇదే లోరీ ఫంగ్ ప్లేసు 23! ఆ పోటీ గెలిచింది బల్గేరియా డిల్యానా గియోర్గియేవా. ఆ డిల్యానా 1984 ఆగస్టులో ఎక్కడుందంటే సోఫియాలో, రాని దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ఫ్రెండ్‌షిప్ గేమ్స్‌లో. అక్కడ బల్గేరియా వాళ్ళదే రాజ్యం.

అయినా లోరీ ఫంగ్‌ని తీసిపారేయడం నాకు నచ్చదు. బాయ్‌కాట్ ఆ అమ్మాయి చేసింది కాదు, వచ్చినవాళ్ళందరి మీదా గెలిచింది, 0.05 తేడాతో గెలవాలంటే ఒక్క క్యాచ్ జారినా పోయేది. మెడల్ మెడలే. కానీ మీరు లిస్ట్ మాత్రమే చూస్తే ఇవేవీ కనబడవు, ఎవరు గెలిచారో ఉంటుంది, ఎవరు రాలేదో ఉండదు.

ఇలా జరగడం అదే మొదలూ కాదు. 1975 మాడ్రిడ్ వరల్డ్స్‌కీ సోవియట్, బల్గేరియా రాలేదు, పశ్చిమ జర్మనీ కార్మెన్ రిషర్ గెలిచింది. మొన్నటి పారిస్ సంగతీ అంతేగా, 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా, బెలారస్‌ని ఆపేశారు, తర్వాత న్యూట్రల్ పేరుతో దారి తెరిచినా పారిస్ రిథమిక్‌లో రష్యా వాళ్ళు లేరు.

ఎప్పుడు మొదలైందన్నారు కదా. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ 1963 డిసెంబర్, బుడాపెస్ట్. పది దేశాలు, 28 మంది అమ్మాయిలు, అంతే, మన జిల్లా స్థాయి కబడ్డీకి ఇంతకంటే ఎక్కువ మంది వస్తారు. సోవియట్ లుద్మిలా సావింకోవా గెలిచింది. అప్పుడు దీని పేరు రిథమిక్ కూడా కాదు, మోడర్న్ జిమ్నాస్టిక్స్ అనేవాళ్ళు. తర్వాత 1965 ప్రాగ్‌లో చెకొస్లొవేకియా అమ్మాయి. 1967 కోపెన్‌హేగన్‌లో టీమ్ పోటీ, అంటే గ్రూప్ కలిపారు. ఆ తర్వాత 1969, 1971, 1973 మూడూ బల్గేరియా మరియా గిగోవా. కాబట్టి మీ మరిదికి చెప్పండి, రష్యా రష్యా అంటున్నాడు గానీ డెబ్బైల్లో ఎనభైల్లో ఈ ఆట పేరు చెబితే ముందు గుర్తొచ్చే దేశం బల్గేరియా.

కేపీహెచ్‌బీ_కిరణ్:

ఏందన్నా ఇది, మ్యూజిక్ పెట్టి రిబ్బన్ ఊపుతే ఒలింపిక్ గోల్డా. గీ లెక్కన మా కాలనీల బతుకమ్మ ఆడే అక్కలకి ఎన్ని గోల్డ్‌లు ఇయ్యాలె. గెలిచేది జడ్జీలు డిసైడ్ చేసేది ఏదైనా నాకు స్పోర్ట్ కాదు, రన్నింగ్‌ల ఎవడు ముందు వస్తే వాడే, ఫినిష్. సారీ రమక్కా, మీ పాపను డిస్కరేజ్ చేస్తలేను.

ఎడిసన్_అనిత:

కిరణ్ గారూ, ఒక్కసారి మా ఇంటికి రండి, మా అమ్మాయి రిబ్బన్ మీ చేతికిస్తా, నేలకి తగలకుండా ఒక్క నిమిషం తిప్పండి చాలు, నెల రోజులు బిర్యానీ నేనే పెడతా.

రమ గారు, మా అమ్మాయి ఇక్కడ న్యూజెర్సీలో మూడేళ్ళుగా నేర్చుకుంటోంది, లెవెల్ పెద్దదేమీ కాదు కానీ నేను గోడవారగా కూర్చుని చూసీ చూసీ సగం నేర్చేసుకున్నా. మొదట నేనూ కిరణ్ గారిలాగే అనుకున్నా, డాన్స్ క్లాస్ కదా అని. సీనియర్స్ రిబ్బన్ పొడవు 6 మీటర్లు, చిన్న పిల్లలకి తక్కువ. అది శాటిన్ గుడ్డ, పుల్ల చివర చిన్న కొక్కెం మీద తిరుగుతూ ఉంటుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, అంత పొడవూ కాళ్ళ మీద కుప్ప పడుతుంది. ఏసీ గాలి పైనుంచి కొడితే ఆ గాలికే ముడి పడిపోతుంది. ముడి పడితే మ్యూజిక్ నడుస్తుండగానే నిలబడి విప్పుకోవాలి, ఆ విప్పే సెకన్లన్నీ మార్కులే పోతాయి, లేదంటే ఫ్లోర్ పక్కన పెట్టిన స్పేర్ రిబ్బన్ పరిగెత్తి తెచ్చుకోవాలి. కాంపిటిషన్ ముందురోజు రాత్రి నేను పట్టుచీర ఇస్త్రీ చేసినంత జాగ్రత్తగా రిబ్బన్ ఇస్త్రీ చేస్తా, ముడత ఉంటే సరిగ్గా చుట్టలు తిరగదు. క్లబ్స్ (చిన్న గదల్లాంటి కర్రలు) అయితే ఇంకో రకం బాధ, రెండు, ఒక్కోటి 150 గ్రాములు, పైకి విసిరి గుండ్రంగా తిరిగి వెనక్కి చూడకుండా పట్టుకోవాలి, మా దానికి ఒకసారి మూతి మీద పడి పెదవి చిట్లింది, స్కూల్ వాళ్ళు ఇంట్లో ఏమైనా అయిందా అని నన్నే అనుమానంగా అడిగారు.

పెద్దవాళ్ళు చేసేది ఎలా ఉంటుందంటే, వస్తువుని పైకి విసరాలి, అది గాల్లో ఉండగా కనీసం రెండుసార్లు తిరగాలి, పల్టీ కావచ్చు, చైనేస్ అని గింగిరాలు కావచ్చు, కిందికి వచ్చేసరికి అక్కడ ఉండి పట్టుకోవాలి, ఒక్కోసారి చేత్తో కాదు, కాళ్ళ మధ్యలో, మెడ మీద. 13 మీటర్ల చదరం, నిమిషంన్నర టైమ్, అందులో ఇలాంటివి ఒకదాని మీద ఒకటి. గీత దాటితే కోత. ఇది స్పోర్ట్ కాకపోతే మరేంటో నాకు తెలీదు.

మా కోచ్ ఆవిడ ఉక్రెయిన్ నుంచి వచ్చారు, పక్క క్లబ్ ఆవిడ బెలారస్, ఇంకొకరు బల్గేరియా. ఇక్కడ అమెరికాలో నేను చూసిన జిమ్‌లన్నిట్లో పిల్లల్ని తిట్టే భాష రష్యనే. "నస్కి" అంటే మడమ సాగదీసి వేళ్ళు ముందుకు పెట్టమని, మా అమ్మాయికి తెలుగులో నూరు దాకా లెక్క రాదు కానీ రష్యన్‌లో ఎనిమిది దాకా కౌంట్ చేస్తుంది.

పాతపేపర్_మూర్తి:

అనిత గారు చెప్పినదాంట్లోనే రమ గారి పందేనికి అసలు చిక్కు ఉంది. రష్యా అంటే ఏది రష్యా? 1988 సియోల్ గోల్డ్ సోవియట్ పేరు మీద ఉంటుంది, కానీ మరీనా లోబాచ్ బెలారస్ పిల్ల. 1992 బార్సిలోనా గోల్డ్ యూనిఫైడ్ టీమ్ అని ఉంటుంది, అప్పటికి సోవియట్ ముక్కలైపోయింది, ఆ అలెగ్జాండ్రా టిమోషెంకో ఉక్రెయిన్ అమ్మాయి, కీవ్‌లో అల్బినా డెర్యూగినా శిక్షణ. 1996 అట్లాంటాలో మరీ స్పష్టం, ఉక్రెయిన్ జెండా మీదే యెకతెరీనా సెరెబ్ర్యాన్‌స్కయా. అంటే రష్యా అనే దేశం పేరు మీద మొదటి వ్యక్తిగత గోల్డ్ 2000 సిడ్నీలో గానీ రాలేదు! అక్కడ్నుంచి 2016 దాకా మాత్రం వరసగా ఐదు, గ్రూప్‌లోనూ అవే ఐదు ఒలింపిక్స్ వరసగా. మీ మరిది చూసింది ఆ ఐదే, వయసు ముప్ఫై లోపేమో.

సియోల్ అంటే గుర్తొచ్చింది. అప్పుడు నేను ఓ పత్రికలో స్పోర్ట్స్ డెస్క్‌లో కొత్తగా చేరా. రాత్రి టెలిప్రింటర్ కాగితం మీద లోబాచ్ 60.000 అని వచ్చింది. మొత్తం మార్కులే 60. ఎక్కడో తప్పు కొట్టారు, ఇలా వెయ్యకండి అని మా చీఫ్ సబ్ గారు పక్కన పెట్టేశారు, అరగంట తర్వాత మళ్ళీ అదే వస్తే అప్పుడు వేశాం. లెక్క ఏంటంటే ప్రిలిమినరీలో నాలుగు ఈవెంట్లు, ఒక్కోదానికి 10, ఆ 40లో సగం 20, ఫైనల్లో 40, కలిపి 60. ఒక్క పాయింట్, పాయింట్‌లో పదో వంతు కూడా పోగొట్టుకోలేదు ఆ అమ్మాయి. బల్గేరియా అద్రియానా దునావ్‌స్కా 59.950, అంతే, సిల్వర్. టిమోషెంకో 59.875తో బ్రాంజ్. ఇంకా తెలుగులో ఏం రాయాలా అన్నది వేరే తలనొప్పి, "లయబద్ధ విన్యాసాలు" అని ఒకరు, "తాళ జిమ్నాస్టిక్స్" అని ఒకరు, చివరికి రిథమిక్ అనే వేశాం, బొమ్మ కూడా లేదు, నాలుగు లైన్లు.

అదే సియోల్‌లో నాలుగో స్థానం ఎవరిదో తెలుసా, బియాంకా పనోవా. బల్గేరియా. అంతకుముందు ఏడాది 1987 వర్నా వరల్డ్స్‌లో సొంత గడ్డ మీద చేసిన ప్రతిదానికీ 10 తెచ్చుకున్న పిల్ల, వ్యక్తిగత గోల్డ్ ఒక్కటీ వదల్లేదు. సియోల్ ప్రిలిమినరీలో ఒక క్లబ్ చేజారింది. మిగతావాళ్ళు 10కి తగ్గకుండా తెచ్చుకుంటుంటే ఒక్కసారి జారినా ఇక కోలుకునే చోటు ఎక్కడ, పైకి ఎక్కడానికి మార్కులే లేవు. నన్నడిగితే ఆ 10ల పద్ధతిలో ఉన్న అసలు లోపం అదే, పైకప్పు తల మీదే ఉంటే ఎగరడానికి ఏముంది.

బల్గేరియా గురించి ఇంకొకటి చెప్పి ఆపుతా. 1978 మార్చి 16న సోఫియా నుంచి వార్సా వెళ్ళే విమానం కూలి 73 మందీ పోయారు. వాళ్ళలో వాళ్ళ రిథమిక్ టీమ్ అమ్మాయిలు, కోచ్ జూలియెటా షిష్మనోవా ఉన్నారు. ఆ దెబ్బ తిన్న దేశం మూడేళ్ళలో, 1981 మ్యూనిక్‌లో అనెలియా రలెన్‌కోవాతో మళ్ళీ వరల్డ్ టైటిల్ పట్టుకుంది. నేష్కా రోబెవా అనే కోచ్ కాలం అది, ఆ పిల్లల్ని బల్గేరియా బంగారు అమ్మాయిలు అనేవాళ్ళు.

బోడుప్పల్_రమ:

మూర్తి గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది, ఆ విమానం సంగతి అసలు తెలీదు. అనిత గారు, చీర ఇస్త్రీ పోలిక అదిరింది. మా దానికి నిజం రిబ్బన్ కొందామనుకున్నా, ఇప్పుడు భయమేస్తోంది, మా హాల్ పది బై పన్నెండు.

మన హైదరాబాద్ అరుణారెడ్డి చేసేది కూడా ఇదేనా? ఆవిడకి వరల్డ్ కప్ మెడల్ వచ్చిందని విన్నా.

కేపీహెచ్‌బీ_కిరణ్:

అరుణారెడ్డి వాల్ట్ అక్కా. ఉరికొచ్చి టేబుల్ మీద చేతులు పెట్టి గాల్లోకి ఎగిరేది. 2018 మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌ల బ్రాంజ్. దాన్ని ఆర్టిస్టిక్ అంటరు. ఇగ దాంట్లనైతే జడ్జీలున్నా నేను ఒప్పుకుంట, ఆ ఎగురుడు చూస్తే గుండె జారుతది.

చిక్కడపల్లి_చందు:

రిథమిక్‌లో కూడా మన హైదరాబాద్ అమ్మాయి ఉంది, మేఘనా రెడ్డి గుండ్లపల్లి, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో ఇండియా తరఫున ఆడింది. ఎవరూ పట్టించుకోలేదు, అదే వేరే విషయం. కామన్వెల్త్‌లో ఈ ఆట 1990 ఆక్లండ్ నుంచి అడపాదడపా ఉంది, 2010 ఢిల్లీలో కూడా జరిగింది, ఆస్ట్రేలియా నాజ్మీ జాన్‌స్టన్ గెలిచింది.

రమ గారు, ఆర్టిస్టిక్‌కీ రిథమిక్‌కీ కన్ఫ్యూజ్ అవడంలో మీ తప్పేం లేదు, రష్యన్‌లో రిథమిక్‌నే "ఆర్టిస్టిక్" అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, మనం ఆర్టిస్టిక్ అనేదాన్ని వాళ్ళు "స్పోర్ట్స్ జిమ్నాస్టిక్స్" అంటారు. అసలు రెండూ ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాయి. 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ జిమ్నాస్టిక్స్‌లో చేతిలో వస్తువులు పట్టుకుని టీమ్ మొత్తం కలిసి చేసే ఈవెంట్ ఒకటి ఉండేది, మొదటిది స్వీడన్, రెండోది హంగరీ గెలిచాయి. ఆ హంగరీ టీమ్‌లో ఆగ్నెస్ కెలెటి ఉంది, హోలోకాస్ట్ తప్పించుకుని వచ్చిన మనిషి, 2025 జనవరిలో 103 ఏళ్ళకి పోయింది. 1956 తర్వాత ఆ ఈవెంట్ తీసేశారు, ఆ వేరుపడ్డ కాపురమే కొన్నేళ్ళకి బుడాపెస్ట్‌లో సొంత వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పెట్టుకుంది.

ఇంకో సరదా సంగతి, జపాన్‌లో మగపిల్లలకి కూడా రిథమిక్ ఉంది, కాలేజీ టీమ్‌లు ఆరుగురు కలిసి ఒక్క ఊపిరిలాగా పల్టీలు కొడతారు, వీడియోలు చూడండి పిచ్చెక్కుతుంది. ఒలింపిక్స్‌లో మాత్రం లేదు, అక్కడ ఈ ఆట ఇంకా ఆడవాళ్ళకి మాత్రమే.

స్టుట్‌గార్ట్_శీను:

లేట్‌గా వస్తున్నా. పారిస్ గోల్డ్ దార్యా వర్ఫొలొమేయెవ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే. నేనుండే చోటు నుంచి ఎస్-బాన్ (లోకల్ ట్రైన్)లో కొద్ది స్టాపులు, ఫెల్‌బాఖ్, అక్కడ ష్మీడెన్‌లో ఉంది ఆ ట్రైనింగ్ సెంటర్. ఆ అమ్మాయి పుట్టింది సైబీరియాలో బర్నావుల్ అనే ఊళ్ళో, 2006లో. తాత జర్మన్, అందుకని పన్నెండేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చేసింది. 2023 వలెన్సియా వరల్డ్స్‌లో వ్యక్తిగత గోల్డ్‌లు ఐదుకి ఐదు, ఆ మరుసటి ఏడాది పారిస్. రిథమిక్‌లో జర్మనీకి అదే మొట్టమొదటి ఒలింపిక్ గోల్డ్. మా ఆఫీసులో నా పక్క సీటు జర్మన్ ఆయన అప్పటిదాకా ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి మాట్లాడింది లేదు, ఆ మర్నాడు కాఫీ మెషిన్ దగ్గర నాకు హూప్ (ఈ ఆటలో తిప్పే పెద్ద రింగ్) గురించి క్లాస్ పీకాడు. కాబట్టి మీ మరిది "చూశావా మళ్ళీ రష్యాలో పుట్టినదే" అంటాడు, మీరు "జెండా జర్మనీది" అనండి. పందెం తెగదు.

టోక్యో సంగతైతే ఇంకా ఘోరం. దీనా అవేరినా, రష్యా, అప్పటికి వరల్డ్స్‌లో ఓటమే ఎరుగనట్టు గెలుస్తూ వచ్చింది. ఇజ్రాయెల్ లినోయ్ అష్రమ్ ఆఖరి రొటేషన్‌లో రిబ్బన్ కింద పడేసింది. అందరూ అయిపోయింది అనుకున్నారు. మార్కులొస్తే అష్రమ్ 107.800, అవేరినా 107.650. రష్యా వాళ్ళు ఊరుకుంటారా, జడ్జీల మీద పెద్ద రచ్చ. నాకైతే ఒకటే అనిపించింది, పడేసినా గెలిచిందంటే పడేయనిదాంట్లో అంత సరుకు పెట్టుకుందన్నమాట. గ్రూప్‌లోనూ అదే రోజుల్లో బల్గేరియా రష్యాని ఓడించింది. అంటే రష్యా ఓడిపోయింది బ్యాన్ వల్ల కాదు, బ్యాన్‌కి ముందే, ఎదురుగా ఉండగానే.

పారిస్‌లో గ్రూప్ గోల్డ్ చైనా, దాన్ని ఎవరూ ఊహించలేదు, ఒలింపిక్స్‌లో గ్రూప్ గోల్డ్ యూరప్ దాటడం అదే మొదలు.

కేపీహెచ్‌బీ_కిరణ్:

చూసిర్రా, పడేసినోళ్ళు గెలిచిర్రు, పట్టుకున్నోళ్ళు ఓడిర్రు. నేను చెప్పిందే గదా 😀

ఎడిసన్_అనిత:

కిరణ్ గారూ, పడేసినవాళ్ళు ఎప్పుడూ గెలవరు. సిడ్నీలో అలీనా కబయేవాకి హూప్ చేజారి గీత దాటి దొర్లుకుంటూ పోయింది, ఆ అమ్మాయి దాని వెనకాల పరిగెత్తుకుంటూ వెళ్ళింది, గ్యారంటీ గోల్డ్ అనుకున్నది బ్రాంజ్ అయింది, టీమ్‌మేట్ యూలియా బార్సుకోవా గెలిచింది. నాలుగేళ్ళాగి ఏథెన్స్‌లో తెచ్చుకుంది లెండి. రియోలో యానా కుద్రియావ్‌త్సేవా, మూడుసార్లు వరుసగా వరల్డ్ ఛాంపియన్, క్లబ్స్ రొటీన్ మొత్తం అద్దంలా చేసి ఆఖరి క్యాచ్ వదిలేసింది. ఆఖరిది! మ్యూజిక్ ఆగిపోయింది, క్లబ్ నేల మీద. గోల్డ్ మార్గరీటా మామున్‌కి వెళ్ళింది.

మామున్ గురించి మనవాళ్ళకి తెలియాలి అసలు. వాళ్ళ నాన్న బంగ్లాదేశ్ ఆయన, రాజ్‌షాహీ, మెరైన్ ఇంజనీర్. జూనియర్‌గా ఒకసారి బంగ్లాదేశ్ తరఫున కూడా ఆడింది, బెంగాల్ టైగర్ అని ముద్దుపేరు. రియోలో కూతురు గెలిచిన కొద్ది రోజులకే ఆ నాన్న క్యాన్సర్‌తో పోయారు. మా అమ్మాయి గోడ మీద ఉన్న పోస్టర్ ఆవిడదే, మనలా నల్లటి జుట్టు అని పెట్టుకుంది.

స్కోర్ల డౌట్ ఎవరూ తీర్చలేదు కాబట్టి నాకు అర్థమైనంత చెప్తా. పాతకాలం ఒక్కో రొటీన్‌కి 10 పెద్ద మార్కు. తర్వాత అది 20కీ 30కీ మధ్య మారుతూ వచ్చింది, నాలుగేళ్ళకోసారి రూల్ బుక్ మారుస్తూనే ఉంటారు, మా కోచ్ కొత్త బుక్ వచ్చినప్పుడల్లా తల పట్టుకుంటుంది. 2018లో డిఫికల్టీకి పైన హద్దు తీసేశారు, ఎన్ని కష్టమైనవి దూరిస్తే అంత మార్కు. టోక్యోలో ఒక్కో రొటీన్ 27 దగ్గర ఉంది, నాలుగు కలిపితే ఆ 107. 2022 నుంచి ఆర్టిస్ట్రీ అని విడిగా ఇంకో 10 పెట్టారు, తప్పుల్లేకుండా చేసినందుకు, అంటే ఎగ్జిక్యూషన్‌కి, వేరే 10, అందుకే పారిస్‌లో వర్ఫొలొమేయెవ్ 142.850. అంటే ఆవిడ లోబాచ్ కంటే రెండున్నర రెట్లు గొప్పదని కాదు రమ గారూ, కొలబద్ద మారింది, సోలలో కొలిచినదాన్ని ఇప్పుడు గిద్దెల్లో కొలుస్తున్నట్టు.

హద్దు తీసేశాక ఒక నష్టం ఉంది మరి. పిల్లలు నిమిషంన్నరలో ఊపిరాడకుండా విసురుతూనే ఉంటారు, మ్యూజిక్ ఒక పక్క, వీళ్ళొక పక్క. పాత వీడియోలు చూస్తే ఎక్కువగా పియానో ఒక్కటే, పిల్ల ఆ పాటని వింటున్నట్టు ఉంటుంది. పాటలో మాటలుండేవి వాడుకోవచ్చని 2013 నుంచి ఒప్పుకున్నారు. తాడు కూడా సీనియర్స్ సోలోలో తీసేశారు, ఇప్పుడు హూప్, బాల్, క్లబ్స్, రిబ్బన్ అంతే. నాకు తాడంటేనే ఇష్టం.

పాతపేపర్_మూర్తి:

కిరణ్ బాబు జడ్జీల మాట పూర్తిగా కొట్టిపారేయను. సియోల్ కాలంలో పదులు పప్పుబెల్లాల్లా పంచారనే గొణుగుడు అప్పుడే ఉంది. తర్వాత 2013లో జడ్జీల పరీక్షల్లోనే కాపీ కొట్టారని బయటపడి ఫెడరేషన్ విచారణ జరిపింది, మార్కులు వేసేవాళ్ళే మార్కుల కోసం కాపీ! ఆటగాళ్ళూ అందరూ మడికట్టుకున్నవాళ్ళేం కాదు, 2001లో కబయేవా, ఆమె టీమ్‌మేట్ చాష్చినా ఫ్యూరోసెమైడ్ అనే నిషేధిత మందు వాడారని తేలి ఆ ఏడాది మాడ్రిడ్ వరల్డ్స్ మెడల్స్ వెనక్కి తీసుకున్నారు, టైటిల్ ఉక్రెయిన్ తమారా యెరోఫెయెవాకి వెళ్ళింది. కానీ అలా చూస్తే రన్నింగ్‌లో ఎంతమంది పట్టుబడ్డారో కిరణ్‌కే తెలియాలి, ఫినిష్ లైన్ ఉన్నంత మాత్రాన ఆట శుభ్రమైపోదు.

కేపీహెచ్‌బీ_కిరణ్:

100 మీటర్లు గెలిచి డోపింగ్‌ల దొరికిన బెన్ జాన్సన్ గుర్తుకు తెచ్చినవ్ గదా పెద్దాయనా. అదీ సియోలే. సరే, ఊకుంటున్న.

బోడుప్పల్_రమ:

అందరికీ థాంక్స్. ఈ థ్రెడ్ మొత్తం మా మరిదికి పంపించా. "రష్యా పేరుతో ఐదు, సోవియట్ పేరుతో ఒకటి, యూనిఫైడ్ ఒకటి, మొత్తం పదకొండులో ఏడు, నేనే గెలిచా" అని రాశాడు. నేను "తప్ప ఇంకెవరూ అన్నావు, ఏడు అంటే ఎక్కువ అని అర్థం, అందరూ అని కాదు, పైగా లోబాచ్ బెలారస్, టిమోషెంకో ఉక్రెయిన్" అని పెట్టా. బ్లూ టిక్ పడింది, గంటన్నర అయింది, జవాబు లేదు.

అనిత గారు, ఒక చిన్న ప్రశ్న, చిన్న పిల్లలకి రిబ్బన్ బదులు ముందు ఏది మొదలుపెడతారు?

ఎడిసన్_అనిత:

మా దానికి మొదటి ఏడాది ఏ వస్తువూ ఇవ్వలేదండి, ఒట్టి చేతులతోనే. తర్వాత బాల్. ఫ్యాన్‌కి చుట్టుకోదు 😊 పెద్దవాళ్ళది 400 గ్రాములు, పిల్లలకి చిన్నది దొరుకుతుంది. వేళ్ళతో నొక్కి పట్టుకోకూడదు, అరచేతిలో నిమ్మకాయ పెట్టినట్టు అలా కూర్చోవాలి, చెయ్యి చాచి ఒక చేతి మీద నుంచి గుండె మీదుగా ఇంకో చేతి దాకా దొర్లించమనండి, మధ్యలో ఎగరకుండా. మావాళ్ళకి అది రావడానికి నాలుగు నెలలు పట్టింది.

బోడుప్పల్_రమ:

ఇప్పుడే ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ బంతితో ట్రై చేసింది. మోచేతి దగ్గరే జారి టీవీ స్టాండ్ కిందకి పోయింది. చీపురుపుల్లతో తీస్తున్నాం.

కేపీహెచ్‌బీ_కిరణ్:

గీత దాటింది, కోత వెయ్యాలె అక్కా.